నినాదానికి వేగమెంత?

ఉస్మానియా వర్సిటీ అధికారులు 2025 మార్చి 13న తీసిన సర్క్యులర్ చదివాక నాకు ఫిజిక్స్ మీద మళ్లీ గురి కుదిరింది. డిపార్ట్‌మెంట్లలో, కాలేజీల్లో, పరిపాలనా భవనంలో ధర్నాలు చేయరాదని, నినాదాలివ్వరాదని అందులో రాశారు. ప్రభుత్వాలు ఎందుకు కూలతాయని పొలిటికల్ సైన్స్ వాళ్లు ఏళ్ల తరబడి కుస్తీ పడుతున్నారు. కులమంటారు, అవినీతంటారు, జనం విసుగంటారు. వట్టిదే. కూల్చేది శబ్దం.

ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద అరిస్తే సచివాలయం ఆరేడు కిలోమీటర్లు. సెకనుకు 340 మీటర్ల చొప్పున ఇరవై సెకన్లలో వినపడాలి. వినపడదు. దారిలో చౌరస్తాలున్నాయి కదా! ఆ బస్సుల హారన్లు, నెత్తిన మెట్రో రొద, వరసకట్టిన పోలీసు వ్యాన్లు దాటేసరికి ఏళ్లు పడుతుంది.

1938లో వందేమాతరం పాడారని నిజాం సర్కారు విద్యార్థుల్ని గెంటేసింది. ఆ పాట నిజాం ఉండే కింగ్‌కోఠీ చేరింది 1948 సెప్టెంబర్‌లో. 1969 నాటి ప్రత్యేక తెలంగాణ నినాదం మరీ నిదానం, 2014 దాకా నడిచింది. రికార్డు మాత్రం 2009దే. నవంబర్ 29న మొదలైన కేక డిసెంబర్ 9 రాత్రికల్లా ఢిల్లీలో హోంమంత్రి చిదంబరం నోట పలికింది. 23న ప్రతిధ్వనై వెనక్కి కూడా వచ్చింది.

ఆ శబ్దాన్నెక్కి గద్దెనెక్కిన టీఆర్ఎస్‌కు 2014లో 63 సీట్లు, 2018లో 88. నడుమ 2017లో వర్సిటీ శతాబ్ది ఉత్సవాలకు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వచ్చారు, మైకు ముట్టకుండానే వెళ్లారు. 2022లో రాహుల్ గాంధీ వస్తానంటే క్యాంపస్‌లో అనుమతి దొరకలేదు. కొలువుల కోసం అరిచిన అరుపులు 2023 డిసెంబర్ 3న చేరాయి: ఆ పార్టీకి 39 సీట్లు. ఆనాడు గేటు బయట నిలబడి ప్రజాస్వామ్యమని గొంతు చించుకున్న కాంగ్రెస్, దాన్నే ఏడో గ్యారంటీ అని చెప్పుకుని లోపలికొచ్చింది. రాగానే గొళ్లెం వెతికింది. గులాబీ నేతలకేమో గద్దె దిగాక చెవులు మొలిచాయి.

అందుకే నా మనవి, ప్రయోగం సగంలో ఆపకండి. ఆర్ట్స్ కాలేజీ గోడలకు దూది అంటించండి. లా కాలేజీలో భావప్రకటన స్వేచ్ఛ పాఠం సైగలతో చెప్పించండి. తార్నాక మెట్రోలో "తదుపరి స్టేషన్" అనే అమ్మాయి గొంతు తగ్గించండి. అన్నిటికన్నా ముందు, ఓటింగ్ యంత్రంలో ఆ బీప్ తీయించండి. ఇంతవరకు ప్రతి సర్కారునూ దించింది ఆ చప్పుడే.

ఎవర్ని చూసి భయపడుతున్నారండీ? ఆ నెలలోనే హాస్టల్ కూరలో బ్లేడు వచ్చిందని కంచం పట్టుకుని రోడ్డెక్కిన పిల్లల్ని చూసా? అది వాళ్లు తినే కూర. గొంతులో దిగితే ఏమయ్యేదో అడిగారు, అంతే. ఊళ్లో కూలికి పోయే అమ్మానాన్నలు పంపిన పిల్లలు మీకు శాంతిభద్రతల సమస్యయ్యారు. వీళ్ల భుజాలెక్కి ఒకరు రాష్ట్రం ఏలారు, ఇంకొకరు ఏలుతున్నారు, ఇద్దరికీ సభల్లో అమరుల పేర్లు కావాలి. 2010 ఫిబ్రవరిలో ఎన్‌సీసీ గేటు దగ్గర తెలంగాణ కోసం ఒళ్లు తగలబెట్టుకున్న కుర్రాడు అరుస్తూనే కాలిపోయాడు. అరవకుండా ఏ గుమాస్తాకు అర్జీ ఇచ్చుంటే మీ కుర్చీలు మీకొచ్చేవో, ఆ వివరం కూడా సర్క్యులర్‌లో రాయాల్సింది.