గాలికి మడి

ఈ సృష్టిలో ఉచితంగా దొరికేది గాలొక్కటేనని నమ్మే అమాయకులు ఇంకా ఉంటే, వాళ్లకు మా బాల్కనీ చూపించాలని ఉంది.

అక్కడొక కంప్రెసర్ వెలిసింది. పంక్చర్ షాపులో ఉండేలాంటిదే కదా అంటే మా అమ్మాయికి కోపమొస్తుంది. కారు టైరుకు 32 పీఎస్‌ఐ ఉంటే చాలు. ఆవిడగారి ఎయిర్ రైఫిల్ సిలిండర్‌కు 200 బార్ కావాలి. పీఎస్‌ఐలో చెప్పాలంటే సుమారు 2,900. ఆ సిలిండర్‌కు గాలి పోసే పెద్ద ట్యాంకులోనైతే 300 బార్. లీటరు పట్టే సీసాలో 200 బార్ గాలి కుక్కితే ఆ గాలి దాదాపు పావుకిలో తూగుతుందట. పావుకిలో కందిపప్పు ధర నేను నిద్రలో అడిగినా చెబుతాను. పావుకిలో గాలి ధర మాత్రం యంత్రం, ఫిల్టర్లు, కరెంటు బిల్లు కలుపుకుని లెక్కేయబోతే మా ఆవిడ కాగితం లాక్కుంది. బీపీ మాత్ర వేసుకున్నాక వెయ్యమంది.

ఇంతా దేనికయ్యా అంటే ఒక చుక్క కోసం. పది మీటర్ల దూరాన టార్గెట్ నడిమధ్యన పది పాయింట్ల చుక్క ఉంటుంది. దాని వెడల్పు అర మిల్లీమీటరు. పెల్లెట్ వెడల్పేమో నాలుగున్నర మిల్లీమీటర్లు. ఈ ఆటలోనే 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం గెలిచాడు. 2012లో లండన్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చాడు. రెండుసార్లూ టీవీ ముందు లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాణ్ణే. ఆ పతకాల వెనకాల ఇలాంటి యంత్రమొకటి గొంతు చించుకుని ఉంటుందని వ్యాఖ్యాతల్లో ఒక్కరైనా చెప్పారా? రేంజ్‌లోనే గాలి పట్టించుకోరాదా తల్లీ అంటే, “బింద్రా ఇంట్లో ఏకంగా రేంజే ఉండేది నాన్నా, నేను కంప్రెసరేగా అడిగింది” అంది. ఈ బేరమాడే విద్య వాళ్లమ్మ పెట్టిన భిక్ష.

యంత్రం వచ్చాక తెలిసింది, దానికి మడి ఉందని.

మొదటి నియమం, గాలికి తడి తగలకూడదు. వానాకాలంలో ఒక ఘనమీటరు గాలిలో 20 గ్రాముల దాకా నీటి ఆవిరి దాగి ఉంటుంది. నొక్కేకొద్దీ ఆ నీళ్లు బయటపడతాయి. వాటిని సిలిండర్‌లోకి పోనిస్తే లోపల తుప్పు, ఆపైన రైఫిల్ వాల్వుకు తెగులు. అందుకని యంత్రం నడుస్తున్నంతసేపూ కొన్ని నిమిషాలకోసారి బ్లీడ్ వాల్వు తిప్పి ఆ తీర్థం వదలాలి. తిప్పగానే బుస్సుమని తెల్లటి తుంపర, వెంటనే నూనె కంపు, ఆ వెంటనే చీరలు ఆరేసుకున్న కిందింటావిడ కేక. అప్పటికీ మిగిలిన తడి పీల్చడానికి గుళికల ఫిల్టరు, కంపు లాగడానికి బొగ్గు. అవి తడిసి నీరసిస్తే పారేసి కొత్తవి కొనాలి. కొనేదెవరో చెప్పక్కర్లేదు.

రెండోది నూనె. దానికి నప్పే కంప్రెసర్ ఆయిలే పోయాలి. కారుకు పోయగా మిగిలిన ఇంజనాయిల్ ఉంది కదా అన్న నా పొదుపు తీర్మానం ఇంట్లో వీగిపోయింది. ఓ-రింగులకు సిలికాన్ గ్రీజు తప్ప మామూలు గ్రీజు చూపించకూడదు. అంత ఒత్తిడిలో వేడెక్కిన గాలికి పెట్రోలియం జిడ్డు తగిలితే నిప్పురవ్వ లేకుండానే భగ్గుమనవచ్చు. డీజిల్ ఇంజన్ నడిచేది ఆ సూత్రం మీదే. ఈ మాట విన్న నాటినుంచి నేను పకోడీలు తిని ఆ ఛాయలకు పోవడం లేదు.

మూడోది స్నానం. పక్కన బకెట్ నిండా నీళ్లు, అందులో చిన్న మోటారు, అది నీళ్లను తిప్పి యంత్రం తల చల్లబరుస్తూ ఉండాలి. ఎండాకాలం బకెట్‌లో ఐసు కూడా వెయ్యాలి. ఫ్రిజ్‌లో ఐసు మొత్తం దాని పేర రిజిస్టరయింది. నా మజ్జిగ గోరువెచ్చగా తాగుతున్నాను.

తొందర కూడా పనికిరాదు. గబగబా నింపితే సిలిండర్ వేడెక్కి గేజీ 200 చూపిస్తుంది, చల్లారాక ముల్లు కిందికి దిగుతుంది. సిలిండర్లకు హైడ్రో టెస్టులు వేరే. నీళ్లు నింపి, రోజూ మోసే ఒత్తిడికన్నా ఎక్కువ పెట్టి, తట్టుకుంటుందో లేదో చూస్తారు. రైఫిల్ సిలిండర్ మీద తయారీదారు ఇచ్చిన గడువు దాటకుండా చూసుకునే బాధ్యత పోటీదారుదేనని షూటింగ్ నిబంధన. మా ఇంట్లో ఆ బాధ్యత నాకు బదిలీ అయింది. నా షుగర్ పరీక్ష తేదీ గుర్తుపెట్టుకునే నాథుడు మాత్రం లేడు.

ఈ నియమాలన్నీ పొల్లుపోకుండా పాటిస్తున్నది మా అమ్మ. మనవరాలు వివరిస్తుంటే ఒక్కసారి విని, “తడి తగలకూడదు, జిడ్డు అంటకూడదు, అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఇందులో కొత్తేముందే?” అంది. అప్పట్నుంచి కుర్చీ వేసుకుని, గడియారం చూసుకుంటూ, వాల్వు తిప్పేది ఆవిడే. నేను అటు వెళ్తే “కాళ్లు కడుక్కున్నావట్రా?” అని అడుగుతుంది.

చప్పుడు భరించలేక మొన్న అసోసియేషన్ సెక్రటరీగారు ఫిర్యాదు మీద వచ్చారు. గేజీలు, గొట్టాలు గంభీరంగా పరికించారు. ఫిర్యాదు పక్కనపెట్టి, తన కారు టైర్లలో గాలి తగ్గిందనీ, ఓ గొట్టం కిందికి వదిలితే సరిపోతుందనీ అన్నారు. 300 బార్ గాలిని టైరుకు తగిలిస్తే ఏమవుతుందో మా అమ్మాయి ఓపిగ్గా చెప్పబోయింది. ఈలోగా మా అమ్మ, “రోడ్డు మీద తిరిగొచ్చిన టైర్లకు ఈ గాలా? ముందు నువ్వు చెప్పులు అవతల విప్పు నాయనా” అంది.

ఆయన ఇప్పుడు ఫిర్యాదులు కాగితం మీద రాసి, తలుపు సందులోంచి తోస్తున్నారు.