పెద్దమనిషి అనుమతి అక్కర్లేని మాత్ర

షాలిమార్‌లో ఈస్ట్‌కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి కూర్చుంటే హైదరాబాద్‌లో దించుతుంది. అందులో వచ్చే మన పెద్దమనుషుల సంచుల్లో రసగుల్లా డబ్బాలుంటాయి. నీతికి మాత్రం టికెట్టు లేదు, రెండు వైపులా ఉచిత ప్రయాణమే.

షాలిమార్ నుంచి హుగ్లీ దాటి కాస్త ఉత్తరానికి వెళ్తే కలకత్తా సెక్స్ వర్కర్ల పేట సోనాగాఛీ. డాక్టర్ స్మరజిత్ జానా 1992లో అక్కడ హెచ్‌ఐవీని ఆపేందుకు కండోమ్ ప్రచారం మొదలుపెట్టారు. మూడేళ్లకు ఆ స్త్రీలే దర్బార్ మహిళా సమన్వయ కమిటీ పేరుతో సంఘం కట్టుకున్నారు. గొప్ప పని, కాదనను. కానీ కండోమ్‌లో ఒక లోపముంది: కొనేది ఆమె, తొడుక్కోవలసింది ఆయనగారు. ఆయన తాగొచ్చినా, రెట్టింపు ఇస్తానన్నా, ఊరికే మొండికేసినా ఆ రాత్రికి వైద్యశాస్త్రం బంద్.

ప్రెప్ మాత్రకు ఆ బాధ లేదు. టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటబీన్ కలిపిన ఈ మాత్ర రోజూ వేసుకుంటే, ఒంట్లో చేరిన హెచ్‌ఐవీ తన జన్యువుకు నకలు తీసుకోలేక అక్కడే ఆగిపోతుంది. అమెరికా 2012లోనే సరేనంది. తర్వాత కొన్నేళ్లకు దర్బార్, మైసూరు సెక్స్ వర్కర్ల సంఘం అశోదయ సమితి కలిసి 1,300 మందికి పైగా స్త్రీలకు ఇచ్చి చూశాయి. ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు.

పెద్దమనిషికి నచ్చనిది ఇదేనని నా అనుమానం. ఆమె పొద్దున్నే మంచినీళ్లతో మాత్ర మింగేసింది, ఆయన్ను అడగలేదు!

పైకి మాత్రం వేరే మాట: “మాత్రలిస్తే విచ్చలవిడితనం పెరిగిపోదూ?” దోమతెర కట్టుకున్నవాడు దోమల్ని విందుకు పిలిచాడన్నట్టుంది. అసలు ఆ ప్రశ్న చీకటిపడ్డాక ఆ సందులోకి దూరేవాణ్ని ఎవరడిగారు?

సర్కారు లెక్క ఇంకా ముచ్చట. జబ్బు వచ్చినవాళ్లకు 2004 నుంచి మందులు ఉచితం, సంతోషం. రాకుండా కాపాడే మాత్ర మాత్రం ఇప్పటికీ చాలావరకు కొనుక్కోగలిగినవాడి సరుకే. ముందు తెచ్చుకోండమ్మా, తర్వాత మేమున్నాం!

ఈలోగా ఆరు నెలలకోసారి వేసే లెనకపవిర్ సూది వచ్చింది. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో 2,134 మంది యువతులకు వేస్తే ఒక్కరికీ సోకలేదని 2024లో తేలింది. అమెరికాలో 2025లో దాని ధర ఏడాదికి 28,218 డాలర్లు. దాన్ని 2027 నుంచి పేద దేశాలకు 40 డాలర్లకే ఇస్తామన్నవి డాక్టర్ రెడ్డీస్, హెటిరో. రెండూ మన హైదరాబాద్‌వే. ఉగాండా పిల్లకు వేస్తే తెలుగువాడి ప్రతిభ, టీవీలో చర్చ. అదే సూది మన జిల్లా ఆసుపత్రిలో వేద్దామంటే సంస్కృతికి ముప్పు, మళ్లీ టీవీలో చర్చ.

ఈ మాత్రయినా, సూదయినా సిఫిలిస్‌ను ఆపవు, కండోమ్ మానొద్దని డాక్టర్లే చెబుతున్నారు. “చూశారా!” అని ఎగిరి గంతేసే పెద్దమనిషికి ఒక విన్నపం. ఈ మాత్ర మగవాళ్లకూ పనిచేస్తుంది, తమరే మొదలుపెట్టండి. మూడు నెలలకోసారి లైన్లో నిలబడి రక్తం ఇవ్వాలి. తర్వాత కౌన్సెలర్ తలుపేసి, కాగితం తీసి, ఎక్కడికి వెళ్తుంటారు, ఎన్నిసార్లు వెళ్తుంటారు, కండోమ్ వద్దన్నది ఎవరు అని అడుగుతారు. నిదానంగా చెప్పండి, రాసుకుంటారు.