బానెట్టు బాబాయి

ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒక బానెట్టు బాబాయి ఉంటాడు. అసోసియేషన్ ప్రెసిడెంటు కాడు, ట్రెజరరూ కాడు. కానీ సెల్లార్‌లో ఎవరి కారు బానెట్టు లేచినా ఆ చప్పుడు మూడో అంతస్తులో ఆయన చెవిన పడుతుంది. మీరింకా ఆ ఇనుప ఊచని ఏ కన్నంలో దూర్చాలా అని వెతుక్కుంటూనే ఉంటారు, లిఫ్టు తలుపులు తెరుచుకుంటాయి. గళ్ల లుంగీ, బనియను, నోట్లో బ్రష్షు. "ఏంటబ్బాయ్, లైటొచ్చిందా?" అని నురగలోంచే ప్రశ్న. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, బాబాయి సలహా అడక్కుండానే పెడతాడు.

వచ్చింది చెక్ ఇంజన్ లైటు. డాష్‌బోర్డు మీద పసుపు రంగులో చిన్న ఇంజన్ బొమ్మ. బాబాయి దాని వంక కన్నెత్తి చూడడు. లైటు చూసి రోగం చెప్పడం ఆయన దృష్టిలో కాపీ కొట్టడం. "స్టార్ట్ చెయ్. ఆపు. మళ్లీ చెయ్. కొంచెం రేస్ చెయ్" అంటూ వెనక్కి వెళ్లి, సైలెన్సర్ దగ్గర అరచెయ్యి పెట్టి, ఆ చెయ్యి వాసన చూస్తాడు. ఈలోగా వాచ్‌మన్, పాలబ్బాయి, ఇస్త్రీ అతను చేరతారు. నలుగురూ చేరేదాకా బాబాయి నోరు విప్పడు.

విప్పితే వచ్చే మాటలు మూడే. మొదటిది, "ఏ బంకులో కొట్టించావ్?" మీరు ఏ బంకు పేరు చెప్పినా "అనుకున్నా" అంటాడు. రెండోది, "సెన్సర్ పోయింది." ఏ సెన్సరో అడక్కూడదు, ఆయనకి కోపం వస్తుంది. మూడోది, "ఎలక." దీన్ని మాత్రం తేలిగ్గా కొట్టిపారేయకండి. ఇంజన్ వెచ్చదనానికి సెల్లార్ ఎలకలు బానెట్టులో కాపురం పెట్టి వైర్లు కొరకడం నిజంగా జరిగేదే. వైరు తెగితే లైటు వెలగడమూ నిజమే. బాబాయి వైద్యం పొగాకు కాడలు. బానెట్టు మూలల్లో స్వయంగా దోపుతాడు. మా సెల్లార్ ఎలకలు పొగాకుకి అలవాటుపడ్డాయని వాచ్‌మన్ అంటాడు గానీ, బాబాయి వినేలా అనడు.

ఆయన్ని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. ఆయన అంబాసిడర్లూ ప్రీమియర్ పద్మినీల కాలం మనిషి. ఆ బళ్లకి కంప్యూటరూ లేదు, కోడూ లేదు. బండి మొరాయిస్తే కార్బురేటర్ విప్పి, జెట్‌ని వెలుతురుకి ఎత్తి చూసి, నోటితో ఊదేవారు. పెట్రోలు రుచి నాలిక మీద సాయంత్రం దాకా ఉండేది. పాయింట్లని ఎమరీ కాగితంతో గీకి, మళ్లీ బిగించి, సెల్ఫ్ కొడితే బండి అందుకునేది. అలా చెవితో, ముక్కుతో బళ్లు బాగుచేసిన మనిషికి పసుపు లైటు మీద గౌరవం ఎలా పుడుతుంది?

గౌరవం అమెరికా నుంచి వచ్చింది. డల్లాస్‌లో ఉన్న కొడుకు అగ్గిపెట్టెంత స్కానర్ పంపాడు. అక్కడ 1996 నుంచీ కొత్త కార్లన్నిటికీ స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్ ఉండితీరాలి; మన దగ్గర ఆ పద్ధతి తప్పనిసరి అయింది 2013లో. స్కానర్ దానికి తగిలిస్తే ఫోనులో కోడ్ కనిపిస్తుంది. ఆ రోజు నుంచి బాబాయి వాసన చూడడం మానేసి చదవడం మొదలుపెట్టాడు. "పి సున్నా నాలుగు రెండు సున్నా!" అని లాటరీ నంబరు చదివినట్టు చదివి, "క్యాటలిటిక్ కన్వర్టర్ పోయింది, మార్పించేయ్" అంటాడు. దాంట్లో ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉంటాయి. ధర వింటే కారు అమ్మేద్దామా అనిపిస్తుంది. నిజానికి ఆ కోడ్ చెప్పేది కన్వర్టర్ పనితీరు తగ్గినట్టు కనిపిస్తోందని మాత్రమే. సైలెన్సర్ గొట్టంలో ఎక్కడో లీకున్నా, ఆక్సిజన్ సెన్సర్ తప్పుడు లెక్క చెప్పినా అదే కోడ్ రావచ్చు. కోడ్ ఎఫ్ఐఆర్ మాత్రమే, తీర్పు కాదు. బాబాయి నేరుగా ఉరిశిక్ష వేసేస్తాడు.

మీ మొహం పాలిపోవడం చూసి జాలిపడితే ఇంకో చిట్కా ఉంది. "బ్యాటరీ టెర్మినల్ పీకి కాసేపాగి పెట్టు." పెడతారు. లైటు ఆరిపోతుంది. ఇస్త్రీ అతను నోరెళ్లబెడతాడు. లైటుతోపాటు లోపల దాచుకున్న కోడ్ కూడా తుడిచిపెట్టుకుపోయిందని, రేపు మెకానిక్‌కి చూపించడానికి ఆధారమంటూ ఏమీ మిగల్లేదని ఎవరికీ తట్టదు. వారం తిరక్కుండా వారధి మీద లైటు మళ్లీ వెలుగుతుంది. ఫోన్ చేస్తే "అది వేరే ప్రాబ్లమ్" అంటాడు బాబాయి.

అప్పుడు వస్తుంది ఆఖరి అస్త్రం. "ఆటోనగర్లో మనవాడున్నాడు. నా పేరు చెప్పు, చాలు." బెజవాడ ఆటోనగర్లో మెకానిక్కులకి కొదవ లేదు, మనవాడెవరో తేల్చుకోవడమే కష్టం. షెడ్డు వెతికి పట్టుకుని బాబాయి పేరు చెబితే అతను కాసేపు బుర్ర గోక్కుని, "ఓ... స్కానింగ్‌కి డబ్బులెందుకని గొడవేసుకున్నాయనా?" అంటాడు. మీ ప్రాణం చివుక్కుమంటుంది. కానీ విచిత్రంగా ఆ మెకానిక్ మంచివాడే అవుతాడు. కోడ్ చూడగానే ఏదీ విప్పడు. లైటు ఎప్పుడొచ్చింది, పొద్దున చల్లటి ఇంజన్ మీదా, దూరం తోలాకా, ఈమధ్య ఏ పనైనా చేయించారా అని అడుగుతాడు. టార్చి వేసి, గాలి గొట్టాన్ని వేలితో వంచి, పగులు మీకు చూపిస్తాడు. బాగుచేశాక పాత గొట్టం మీ చేతిలో పెడతాడు. పాత సామాను అడక్కుండా చేతికిచ్చే మెకానిక్ దొరికితే వదులుకోవద్దని నా అభిప్రాయం. బిల్లు ఎంతయిందని బాబాయి అడుగుతాడు. ఎంత చెప్పినా "నా పేరు చెప్పలేదా?" అంటాడు.

మరి బాబాయి సొంత కారో? దాంట్లో చెక్ ఇంజన్ లైటు ఎన్నేళ్లుగా వెలుగుతోందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే దాని మీద వెంకటేశ్వరస్వామి స్టిక్కర్ ఉంది. అయినా ఒక్క విషయంలో ఆయనకి దణ్ణం పెట్టాలి. ఎవరు సెకండ్‌హ్యాండ్ కారు చూడబోయినా వెంట వెళ్లి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టిస్తాడు. ఆ క్షణంలో ఇంజన్ బొమ్మ వెలగాలి. వెలగలేదంటే అమ్మేవాడు ఆ లైటు పనిచేయకుండా చేసి ఉండొచ్చు. "పద, కాఫీ తాగుదాం" అని బేరం అక్కడే ముగించేస్తాడు. మా ఎదురింటివాళ్లకి అలా ఒక కొనుగోలు తప్పింది.

ఇక మీ సంగతి. నూనె డబ్బా బొమ్మో, టెంపరేచర్ బొమ్మో ఎర్రగా వెలిగితే బండి పక్కకి తీసి ఇంజన్ ఆపేయండి, బాబాయిని కూడా అడగొద్దు. పసుపు ఇంజన్ బొమ్మ ఆరుతూ వెలుగుతూ ఉంటే సిలిండర్లో పెట్రోలు సరిగా మండడం లేదని, అది పోయి కన్వర్టర్‌ని కాల్చేస్తుందని అర్థం. యాక్సిలరేటర్ తగ్గించి, వీలైనంత త్వరగా ఆపండి. నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగానే నడుస్తుంటే నెమ్మదిగా షెడ్డుకి తోలుకెళ్లొచ్చు. బాబాయి వాకింగ్‌కి వెళ్లిన టైము చూసుకుని బయల్దేరండి.