కొండలు పంచుకున్నారు!

రాష్ట్రం విడిపోయి పదేళ్లు దాటినా విభజన చట్టంలోని తొమ్మిది, పది షెడ్యూళ్ల సంస్థల పంపకం ఓ కొలిక్కి రాలేదు. దూరదర్శన్‌ పంపకం మాత్రం 2014లోనే చకచకా తేలిపోయింది. ‘సప్తగిరి’ ఛానల్‌ బోర్డు విజయవాడ బస్సెక్కింది. హైదరాబాద్‌ రామంతాపూర్‌లో ‘యాదగిరి’ వెలిసింది. ఏడు కొండలు అటు, ఒక్క గుట్ట ఇటు! వాటా తగ్గిందని ఏ పార్టీ బందుకు పిలవలేదు.

లోగోతో పేచీయే లేదు. ఆ కన్ను ఢిల్లీది. ఎన్‌ఐడీ విద్యార్థిగా దేవాశిష్‌ భట్టాచార్య గీస్తే ఇందిరాగాంధీ ఎంపిక చేసింది. 2017లో కొత్త లోగోకు పోటీ పెట్టి, వేల ఎంట్రీలు పోగేసి, చివరికి పాత కన్నుతోనే సర్దుకున్నారు. 2024 ఎన్నికల వేళ డీడీ న్యూస్‌ లోగో ఎరుపు వదిలి కాషాయం కట్టింది. కంటి ఎరుపు తగ్గిందని ఏలినవారి సంబరం. అది ఎవరి చుక్కల మందో ప్రతిపక్షాలు వెంటనే చెప్పేశాయి.

ఈలోగా అసలు యాదగిరిగుట్ట ‘యాదాద్రి’ అయింది, 2024లో మళ్లీ యాదగిరిగుట్ట అయింది. ఛానల్‌ వారు మాత్రం బోర్డు జోలికి పోలేదు. రెండుసార్లు పెయింటు ఖర్చు మిగిలింది. సర్కారీ బద్ధకం కూడా ఒక్కోసారి గొప్ప బ్రాండింగే!