చెమర్చని కుండీ కావాలట!

మొత్తానికి మట్టికీ మోక్షం దొరికింది. మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపు తెరిచినా ఆదివారం కుండీల పెయింటింగ్ వర్క్‌షాపే. ప్రైమరు, రెండు కోట్లు రంగు, ఆపైన తళతళలాడే సీలరు. మొక్క మాత్రం ఎవరిది వారే తెచ్చుకోవాలి.

నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ పేరిట బాగ్‌గా వెలిసిన చోటు మా మూసారాంబాగ్. ఆయన 1798లో పోయాడు, తోట ఎప్పుడో పోయింది. మిగిలింది బాల్కనీలో మూడు కుండీలు. వాటికీ ఊపిరాడకుండా చేస్తే పని పూర్తవుతుంది.

కుండీ మీద వేసే బుద్ధుడి మొహం గురించి నేనేమీ అనను. లోపల వేరు కుళ్లుతున్నా ఆయన చిరునవ్వు చెదరదు.

నా గొడవంతా సీలరుతో. మట్టికుండీ చెమరుస్తుందట, అది లోపమట! బాల్కనీ టైల్సు మీద మరకలు పడతాయట. అందుకని బయట ఒక పూత, ఇంకాస్త తెలిసినవాళ్లయితే లోపలా ఒక పూత. అమ్మా, అయ్యా, చెమర్చడమే దాని పని. గోడలోని సన్నటి రంధ్రాల గుండా తడి బయటికొచ్చి ఆవిరవుతుంది, పోతూ పోతూ వేడిని వెంట తీసుకుపోతుంది. వేళ్లకు గాలాడుతుంది. రంజన్‌లో నీళ్లు చల్లబడేదీ ఇందుకే. దానికీ వార్నిష్ కొట్టి చూడండి, ఎండాకాలం ఏం తాగుతారో తెలుస్తుంది.

రెండు వేల ఏళ్ల కిందటే చైనాలో ఫాన్ షెంగ్‌జి అనే వ్యవసాయ గ్రంథకర్త, దోసజాతి పాదుల మధ్య మట్టికుండ పాతి నీళ్లు నింపమని రాశాడు. గోడలోంచి ఊరే తడే మొక్కకు అందుతుంది. మనం సరిగ్గా ఆ గోడకే పూత పూస్తున్నాం. మే నెల ఎండలో మనిషికి రెయిన్‌కోటు తొడిగి, గుండీలన్నీ పెట్టి, "చెమట మరక ఒక్కటైనా ఉందా?" అని మురిసిపోయినట్టుంది ఈ సంబరం.

పోనీ, ఆ రంగైనా నిలుస్తుందా? బయట మాత్రమే పూసిన కుండీని వానాకాలం వెళ్లాక చూడండి. లోపలి తడి దారి వెతుక్కుంటూ వచ్చి రంగు వెనక ఆగుతుంది. ముందు మందారం బొమ్మ మీద కందిగింజంత బొబ్బ లేస్తుంది. గోరుతో గిల్లితే చుక్క నీరు, దాని కింద తెల్లటి ఉప్పుపొడి, మన బోరునీళ్ల పుణ్యం. ఆ తర్వాత రెక్కకు రెక్క ఊడి చేతికొస్తుంది. అప్పుడు గ్రూపులో సలహా: "ఇంకో కోటు వెయ్యండి."

లోపల కూడా పూసినవాళ్లకు ఆ బెడద తక్కువ, మొక్కే పోతుంది. తడి గోడలోంచి వెళ్లదు, అలవాటు కొద్దీ రోజూ చెంబెడు పోస్తారు. కడియం నర్సరీల నుంచి లారీలో ఒళ్లు హూనమై వచ్చిన గులాబీ ఆ బురదలో వేరు కుళ్లి చస్తుంది. నింద నర్సరీవాడికి.

పక్క దుకాణంలో ప్లాస్టిక్ కుండీకి టెర్రకోట రంగు. ప్లాస్టిక్కేమో మట్టిలా కనబడాలి, మట్టేమో ప్లాస్టిక్‌లా బతకాలి!

ఇక నవ్వు రావడం లేదు. కుమ్మరి మట్టి తెచ్చి, తొక్కి, సారె మీద తిప్పి, వాములో కాల్చిన కుండీకి పది రూపాయలు తగ్గించమని రోడ్డు మీద పావుగంట బేరం. సీలరు డబ్బాకు మాత్రం నోరెత్తకుండా అడిగినంత ఇస్తాం. ఆయన పనితనం కనబడకుండా పూసేసి, అది మన కళ అని ఫొటో పెడతాం. సిగ్గు లేదూ? చెరువులు పూడ్చింది ఈ హైదరాబాదే. చెట్ల మొదళ్లకు ఆనేదాకా సిమెంటు పోసిందీ ఈ ఊరే. జంట జలాశయాల గేట్లెత్తితే మూసీ పొంగి మూసారాంబాగ్ వంతెన మీద రాకపోకలు ఆగిపోవడం కళ్లారా చూశాం. నీరింకే ప్రతి చోటూ మూసేసిన బుద్ధే ఇప్పుడు బాల్కనీ కుండీ దాకా వచ్చింది.

రంగే వద్దనడం లేదు. బోనం కుండకు సున్నం, పసుపు, కుంకుమ పెట్టమా? తులసికోటకు జాజు పూసి ముగ్గు వెయ్యమా? అవి మట్టికి ఊపిరాడనిస్తాయి. వానకు కరిగితే పండక్కి మళ్లీ పూస్తాం. ఆ ఓపిక లేనివాళ్లు, మరకంటే గిట్టనివాళ్లు నేరుగా ప్లాస్టిక్ కుండీ కొనుక్కోండి. మీకు కావలసింది అదే.