రూవి మండలం, కోనసీమ జిల్లా

నూట తొంభై అయిదు. ఎన్నికల సంఘం 2024 డిసెంబరులో బయటపెట్టిన లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ వాటాకి వచ్చిన అంకె అది. 2024 ఎన్నికలకు రాష్ట్రంలో 7,927 మంది ప్రవాస ఓటర్లు పేర్లు రాయించుకుంటే, బూత్ దాకా వచ్చి వేలికి సిరా పూయించుకున్నవాళ్ళు అంతమందే. దేశం మొత్తం మీద 1,19,374 మందికి 2,958 మంది వచ్చారు, వాళ్ళలో 2,670 మంది కేరళవాళ్ళు. పేరు రాయించుకోవడంలో ఉన్న ఉత్సాహం ఓటేయడంలో లేదు పాపం అని పత్రికలు నిట్టూర్చాయి.

ఈ నిట్టూర్పు విని కోనసీమ ఎమ్మెల్యేలు నొచ్చుకుని ఉంటారు. సొంత జిల్లాలో జనం మధ్య తిరగడమంటే ఎంత కష్టమో వాళ్ళకే తెలుసు. 2022లో గడప గడపకూ తిరిగినా, ఆ తర్వాత ప్రజాదర్బార్లు పెట్టినా, రాజోలు వైపు కొన్ని వీధుల్లో ఎదురొచ్చేది మామ్మగారూ మనవడే. కొడుకు మస్కట్‌లో, కోడలు కువైట్‌లో. కరపత్రం ఎవరి చేతిలో పెట్టాలి? పసిపిల్లాడితో ఎంతసేపని ఫొటో దిగాలి?

జనం జిల్లాలో లేకపోతే జిల్లానే జనం దగ్గరికి జరిపేస్తే పోతుంది. 2022 ఏప్రిల్ 4న తెల్లారేసరికి 13 జిల్లాలను 26 చేసిన రాష్ట్రానికి ఇదొక లెక్కా! మస్కట్ నగరంలోని రూవి ప్రాంతాన్ని కోనసీమ జిల్లాలో ఒక మండలంగా ప్రకటించాలి. మధ్యలో సముద్రం ఉందంటారా? కోనసీమకి నీళ్ళు దాటడం కొత్తేమీ కాదు. రూవిని కాస్త దూరంగా ఉన్న లంక అనుకుంటే సరిపోతుంది. లంకకుండాల్సిన అర్హతలన్నీ దానికున్నాయి. 2007 జూన్‌లో గోను తుపానుకి మస్కట్ వీధులు ఏరులై పారాయి. లంకల్లో నాయకులు కనిపించేదీ వరదొచ్చినప్పుడే కాబట్టి, పర్యటనల క్యాలెండర్‌లో కొత్తగా మార్చాల్సింది కూడా ఏమీ ఉండదు.

మార్పులు చిన్నచిన్నవి. ఇక్కడ అర్జీలు సోమవారం తీసుకుంటారు, అక్కడ శుక్రవారం తీసుకోవాలి, కంపెనీలకి సెలవు ఆ రోజే. జూన్ నుంచి ఆగస్టు దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని ఒమన్ నిబంధన. శంకుస్థాపన పని కిందికి వస్తుందో రాదో న్యాయసలహా తీసుకోవాలి. పల్లెనిద్ర కార్యక్రమం లేబర్ క్యాంపులో పెట్టుకోవచ్చు. రెండంతస్తుల ఇనుప మంచాల గదిలో ఎమ్మెల్యేగారికి పై మంచం ఇస్తారు, మర్యాద కోసం. పీఏ కింద మంచం మీద సర్దుకోవాలి, గన్‌మన్ వంటగదిలో. ఏసీ ఆగిపోతే ఏఈకి ఫోన్ చేసి తిట్టే సౌకర్యం మాత్రం ఆ లంకలో లేదు.

అసలు చిక్కు అర్జీలతో వస్తుంది. పెన్షన్, ఇళ్ళపట్టా లాంటివి ఒక్కటీ ఉండవు. పాస్‌పోర్టు కఫీల్ (పనిచ్చిన యజమాని) దగ్గరుంది, ఇప్పించండి. జీతం రాక నెలలైంది. కంపెనీ నుంచి బయటికొచ్చేసి ఖల్లివల్లి (కాగితాల్లేని మనిషి) అయిపోయాను, బతాకా (నివాస కార్డు) లేదు, ఇంటికెలా పోవాలి? విజిట్ వీసా మీద దుబాయ్ అని తీసుకొచ్చి మస్కట్‌కి దాటించారు, ఇళ్ళలో పనికి పెట్టారు, ఏజెంటు ఫోన్ ఎత్తడు. ఇలాంటివాటికి మన దగ్గరుండే రాజమార్గం సీఐగారికి ఒక మాట చెప్పడం. రాయల్ ఒమన్ పోలీసులకి మన ఎమ్మెల్యేగారి మాట ఎక్కదు. మండలం ప్రతిపాదన ఇక్కడ కాస్త కుంటుతుంది. అయినా ఫరవాలేదు, శాలువాలుంటాయి, హోటల్ హాలుంటుంది, తెలుగు సంఘం వాళ్ళ పులిహోర ఉంటుంది. అర్జీలు బ్యాగులో వేసుకుని శంషాబాద్‌లో దిగిపోవచ్చు.

ఈ మండలం వెలసిన దేశం సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. ఒమన్ సుల్తాన్ ఏలే రాజ్యం. ఎన్నికైన మజ్లిస్ అష్షూరాకి అధికారాలు అంతంతమాత్రం, చివరి మాట సుల్తానుదే. ఆ మజ్లిస్‌లోని 90 స్థానాలకు 2023 అక్టోబరు 29న ఫోన్ యాప్‌లోనే ఓట్లేయించారు. విదేశాల్లో ఉన్న ఒమనీలు వారం ముందే, 22న, ఉన్నచోటి నుంచే ఫోన్ నొక్కి ఓటేశారు. విమానం ఎక్కాల్సిన పని పడలేదు.

మన రూవి మండలవాసి ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రజాస్వామ్యానికి పౌరుడు. 2010లో చట్టం సవరించి అతనికి ఓటు హక్కిచ్చారు. ఫారం 6ఎ నింపాలి, పోలింగ్ రోజున సొంతూరి బూత్‌కి స్వయంగా రావాలి, ఒరిజినల్ పాస్‌పోర్టు చూపించాలి. ఆ పాస్‌పోర్టు కోసమే కదా అతను ఎమ్మెల్యేగారికి అర్జీ పెట్టుకుంది! మే 13న మలికిపురంలో ఓటెయ్యాలంటే సెలవు దొరకాలి, టికెట్టు కొనాలి, తిరిగొచ్చేసరికి ఉద్యోగం ఉండాలి. ఇన్ని దాటుకుని వచ్చేవాళ్ళు కొద్దిమందే ఉంటే దానికి నిరాసక్తత అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి.

ఇక వెటకారం చాలు. ఓటు వేయలేడు కాబట్టే అతని గదికి ఎవరూ వెళ్ళరు. అతను పంపే డబ్బుతో కట్టిన డాబాల ముందు ఫ్లెక్సీలు కడతారు, ఆ డబ్బుతో నడిచే కొట్ల దగ్గర చందాలు పుచ్చుకుంటారు. నిద్రలోనే గుండె ఆగి అతను పెట్టెలో తిరిగొచ్చిన రోజున మాత్రం ఎమ్మెల్యేగారి కారు ఆ గడప ముందు ఆగుతుంది, పూలదండతో. ప్రవాసీ భారతీయ బీమా యోజన పది లక్షలు ప్రమాదంలో పోయినవాళ్ళకే, గుండె ఆగిపోయినవాళ్ళకి కాదన్న సంగతి ఆ భార్యకి ఆ రోజున కూడా ఎవరూ చెప్పరు. బతికుండగా మనిషిని లెక్కలోకి తీసుకోనివాళ్ళు శవం దగ్గర హాజరు వేయించుకుంటున్నారు.

ప్రవాసులు తమ తరఫున వేరొకరితో ఓటు వేయించుకునే వీలు కల్పించే బిల్లుని 2018 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించింది. రాజ్యసభ దాటకుండానే 2019లో లోక్‌సభ గడువు తీరి అది మురిగిపోయింది. ఇన్నేళ్ళయినా చట్టం కాలేదు. సైనికులకి ఆన్‌లైన్‌లో బ్యాలెట్ పంపుతున్న పద్ధతినే ప్రవాసులకూ వర్తింపజేయవచ్చని ఎన్నికల సంఘమే 2020లో కేంద్రానికి రాసింది. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది కూర్చున్నారు. వాళ్ళలో ఎవరైనా ఇకమీదట మస్కట్ హోటల్లో శాలువా కప్పించుకోబోయే ముందు, ఆ బిల్లు గురించి సభలో తను ఎన్నిసార్లు లేచి నిలబడ్డాడో ఆ హాల్లోని జనానికి చెప్పి కప్పించుకోవాలి.