ఐదవ ప్రమాణము

గౌతముని న్యాయశాస్త్రము ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగే ప్రమాణముల నంగీకరించినది. ఆ మహర్షి కాలమున దీపావళికి సీరియల్ లైట్లు లేకపోవుటచేత కాబోలు, మన గృహస్థులు సాధించిన ఐదవ ప్రమాణము ఆయన దృష్టికి రాలేదు. "నిరుడు ఏమీ కాలేదు కదా!" అనునదే అది. పొగను చూచి నిప్పును గ్రహించుట పాతకాలపు అనుమానము. ప్లగ్గు కడ కమురువాసన వచ్చుచుండగా అగరువత్తిని నిందించుట ఈ నూతన న్యాయము.

అటకమీది అట్టపెట్టెలో ఏడాది పొడవున ఎలుకలతో సహవాసము చేసి, అవి తినగా మిగిలిన తొడుగుతో అక్కడక్కడ రాగితీగ తొంగిచూచుచున్న తోరణమును దింపి, ప్లగ్గు ఎన్నడో ఊడిపోయినది గనుక రెండు కొసలను పండ్లతో ఒలిచి, సాకెట్టు రంధ్రములలో దూర్చి, జారిపోకుండ అగ్గిపుల్లలు బిగించి, స్విచ్చి వేసిన పిమ్మట, కడిగి ముగ్గుపెట్టిన తడివాకిట వట్టికాళ్లతో నిలిచి, ఆ తోరణమును ఇనుపగేటుకు చుట్టు యజమానునిది అభిమన్యుని ధైర్యము. లోనికి పోవుట మాత్రమే తెలిసిన ధైర్యము.

"ఇంతింత బల్బులు ఏమి చేయగలవోయ్?" అని ఆయన ప్రశ్న. నిజమే, బల్బు చిన్నది. దానిని వెలిగించు 230 వోల్టులు మాత్రము చిన్నవి కావు. వరుసగా కూర్చిన బల్బులు ఆ వోల్టేజిని అన్నదమ్ములవలె తలాకొంత పంచుకొనును గాని, ఫేజు వైపున తెగిన తీగను ముట్టిన వానికి వాటాల బాధ లేదు. ఆస్తి యావత్తు ఆయనకే సంక్రమించును.

ఇక రక్షణసాధనములకు ఆ ఇంట జరుగు సత్కారము వర్ణనాతీతము. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని లావుపాటి రాగితీగ చుట్టుదురు. ఇక అది పోదు, దానికి బదులు గోడలోని వైరింగే కాలును. పోయిన విద్యుత్తునకును తిరిగివచ్చిన విద్యుత్తునకును లెక్క సరిచూచి, 30 మిల్లీఆంపియర్ల తేడా వచ్చిన మాత్రమున రెప్పపాటులో సరఫరా నాపివేయు ఆర్‌సీసీబీని, "ఊరకే పడిపోవుచున్నది" అని మందలించి తప్పించుదురు. ఇంత నిష్ఠతో అనుసరింపబడుచున్న ప్రమాణమున లోపమొక్కటే: అది తప్పని తేలిననాడు ఒప్పుకొనుటకు సిద్ధాంతి మిగులకపోవచ్చును.

బాణసంచాకు వేలు ధారపోయు చేతితో బీఐఎస్ ముద్రగల క్రొత్త దండ యొకటి కొనుడు, చిట్లిన పాతదానిని పారవేయుడు, ప్లగ్గు పెరికిన పిమ్మటనే తీగను ముట్టుడు, ఇనుపగేటును, తడిగోడను విడిచిపెట్టుడు, నిద్రకుముందు ఆర్పివేయుడు. ఇందువలన పండుగశోభకు కలుగు నష్టమేమనగా, మరునాడు పొరుగువారికి చెప్పుకొనుటకు మీ ఇంటి ముచ్చట ఏదియు లేకపోవుట మాత్రమే.